నడికుడి టోకెన్ గుండు

మంటలో మిరపకట్టె వెయ్యబాకండిరా, ఆ ఘాటుకి నా దగ్గు మళ్ళీ లేచిద్ది. పత్తికట్టె చాలు. ఆ నులకమంచం ఇటు లాగండి, పొగ అటు పోద్ది.

ఇప్పుడు చెప్పు అమ్మడూ, ఈ పిల్లకాయలు కూడా వింటారు. మీ కాలేజీలో మిర్చి టిక్కీలు తూచే కాటా చేస్తన్నారు. పలక కింద లోడ్ సెల్లు, పక్కన హెచ్‌ఎక్స్711 చిప్పు, ఆ చిప్పు తీగలు రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి. చిప్పులోంచి అంకె లాగే డ్రైవరు నువ్వే లినక్స్ కెర్నల్‌లో రాశావు, అది పనిచేస్తంది కూడా. మీ సారేమో పైన బిల్లు ప్రోగ్రాము రాసేవాడికి ఆ బరువు ఏ దారిలో అందిస్తావో రాసుకురమ్మన్నాడు. "ఏదో ఒక ఫైల్లో పడేస్తే చదువుకుంటాడు గదా తాతా, దానికింత రాద్ధాంతమా" అంటన్నావు నువ్వు.

ఆ సారెవరో గాని పని తెలిసినోడు. డ్రైవరు లోపల నువ్వెట్టా రాసుకున్నా రేపు కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు, అడిగేవాడు లేడు. బయటివాడికి చూపించిన వైపు మాత్రం నీ చేతిలో ఉండదు. దాన్ని నమ్ముకుని ఎవడో ప్రోగ్రాము రాస్తాడు, వాణ్ణి నమ్ముకుని ఇంకెవడో వ్యాపారం పెట్టుకుంటాడు. వాళ్ళ పేర్లు కూడా నీకు తెలియవు. నా ఉద్యోగమంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరిగింది కాబట్టి, కాస్త వెనక నుంచి చెప్తా, వినండి.

మా నాయన నడికుడి స్టేషన్లో పాయింట్స్‌మన్. అప్పటికిది జంక్షన్ కాదు. గుంటూరు నుంచి మాచర్లకి మీటరు గేజీ, ఒకటే లైను, బొగ్గింజను. బీబీనగర్ నుంచి కృష్ణ దాటుకుని బ్రాడ్ గేజీ వచ్చి మనూరి దగ్గర కలవటం చాలా తరవాతి మాట. నేను చెప్పేది సాగర్ డ్యాం కడతన్న రోజుల సంగతి. నాయనకి అన్నం క్యారేజీ ఇచ్చే వంకన పోయి స్టేషన్ మాస్టరు గది కిటికీ పట్టుకుని వేలాడేవాణ్ణి.

ఆ గదిలో ఒక ఇనప పెట్టె ఉండేది. నీల్స్ బాల్ టోకెన్ ఇన్‌స్ట్రుమెంటు అనేవాళ్ళు. అవతల స్టేషన్లో దాని జత పెట్టె, రెంటికీ మధ్య తీగ. లోపల ఇనప గుండ్లు. ఒక్కో గుండు మీద రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి. బండి పంపాలంటే ముందు గంట కొట్టి అవతలి మాస్టర్ని అడగాలి. ఆయన సరేనంటేనే ఇవతల పిడి తిరిగిద్ది, గుండు ఒకటి బయటికి జారిద్ది. ఆ గుండు బయట ఉన్నంతసేపూ రెండు పెట్టెలూ బిగుసుకుపోతాయి, ఎంత బలవంతుడు తిప్పినా రెండో గుండు రాదు. దాన్ని తోలుసంచిలో వేసి, సంచిని బెత్తపు రింగుకి కట్టి, మా నాయన ప్లాట్‌ఫాం చివర చెయ్యి చాచి నిలబడేవాడు. కదిలే ఇంజన్లోంచి డ్రైవరు ఈ రింగు అందుకుని, వెనకటి సెక్షన్ రింగు కిందకి వదిలేవాడు. అవతల స్టేషన్లో ఆ గుండు పెట్టెలో పడితేగాని లైను ఖాళీ అయినట్టు లెక్క కాదు.

ఆ పెట్టెలో తీగలేంటో, అయస్కాంతాలేంటో మా నాయనకి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఆయనకి కనపడేది ఒక పిడి. దానికి మూడే మూడు స్థానాలు: లైను మూసి ఉంది, బండి వస్తంది, బండి పోతంది. నాలుగోది లేదు. పక్క సెక్షన్ గుండు పొరపాటున ఇందులో పెట్టబోతే పట్టదు, దాని ఆకారమే వేరుగా పోతపోశారు. అంటే తప్పు చేసినోణ్ణి తిట్టే బోర్డు గోడకి తగిలించే బదులు, ఆ తప్పు చెయ్యటానికే వీల్లేకుండా కట్టారు. నేను తరవాత కంప్యూటర్లలో చూసిన మంచి ఇంటర్‌ఫేసు ప్రతిదీ ఆ ఇనప పెట్టెకి చుట్టమే అవుద్ది.

పాలిటెక్నిక్ అయ్యాక హైదరాబాద్ పోయా. ఆ రోజుల్లో మనవైపు కంప్యూటరంటే ఈసీఐఎల్లే. 1967లో పెట్టారు. వెనకున్న మనిషి అయ్యగారి సాంబశివరావు గారు, గోదావరి జిల్లా మొగల్లు ఆయనది. టీడీసీ-12 అని మన దేశంలోనే గీసి కట్టిన మిషను, తరవాత టీడీసీ-316. ఇప్పుడు మీరు ఫోన్లో చేసేదానికి అప్పుడు గది నిండా బీరువాలు. ఆ తరం చిన్న మిషన్ల మీద డ్రైవరన్న ఊసు తక్కువ. పేపరు టేపు చదవాలంటే, ఫలానా రిజిస్టరులో ఫలానా బిట్టు వెలిగిందాకా ఆగి, అప్పుడు అంకె తీసుకోమని ప్రోగ్రాము రాసేవాడే రాసుకునేవాడు. జీతాల లెక్క రాసే మనిషికి టేపు మోటారు సంగతి ఎందుకు చెప్పు? అయినా తెలుసుకోవాల్సి వచ్చేది. టెలిటైపు తీసి వేరే టెర్మినలు పెడితే జీతాల ప్రోగ్రాము తిరగరాసుకోవాలి.

ఈ గోలకి విరుగుడు అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, 1969లో మొదలుపెట్టిన యూనిక్స్. వాళ్ళు చేసిన పని చూడ్డానికి చిన్నది. టేపు గాని, టెలిటైపు గాని, డిస్కు గాని, ప్రతిదానికీ స్లాష్ డెవ్ అనే అరలో ఒక ఫైలు పేరు పెట్టారు. తెరువు, చదువు, రాయి, మూయి. ఈ నాలుగు మాటలొస్తే చాలు. మామూలు ఫైలుకి రాసిన ప్రోగ్రామే టేపుకీ పనిచేసిద్ది. మా నాయన చేతిలో పిడి లాంటిదే ఇది కూడా. ఎవరు ఏ మిషను మార్చినా పిడి మారదు.

కాకపోతే నాలుగు మాటల్లో పట్టని పనులు కొన్ని ఉంటాయి గదా. టెలిటైపు వేగం మార్చాలి, టేపు వెనక్కి చుట్టాలి, సీడీ బయటికి తొయ్యాలి. చదవటం రాయటం కాదవి. మొదట్లో టెలిటైపు కోసమని వేరే రెండు కాల్స్ పెట్టారు. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్ యూనిక్స్ నాటికి అన్నిటికీ కలిపి అయాక్టల్ అని ఒకటి వచ్చింది. ఫైలు ఇది, ఆర్డరు నంబరు ఇది, కావాల్సిన సరుకు ఈ మూటలో ఉంది, అని కెర్నల్‌కి ఇవ్వటం. మూటలో ఏముంటదో ఆ డ్రైవరుకి, ఆ ప్రోగ్రాముకి తప్ప మూడోవాడికి తెలియదు. బలమూ అక్కడే ఉంది, తంటా కూడా అక్కడే.

ఒక తమాషా చెప్తా. డ్రైవరుకి తెలియని అయాక్టల్ నంబరు ఇస్తే ఏ ఎర్రర్ తిరిగి ఇవ్వాలో తెలుసా? ఈ-నో-టీటీవై. పాత యూనిక్స్‌లో దానికి వచ్చే సందేశం "నాట్ ఎ టైప్‌రైటర్". నువ్వు కెమెరాతో మాట్లాడతన్నా సరే, ఇది టైపు మిషను కాదు అని జవాబు! టెలిటైపుల కోసం పుట్టిన దారి గదా, ఆ పేరు అట్టాగే మిగిలిపోయింది. సందేశం మాటలు తరవాత మార్చారు గాని ఎర్రర్ కోడు నేటికీ అదే. నవ్వుతన్నారు. నవ్వండి. టెలిటైపు మ్యూజియంకి పోయింది, దాని పేరు మాత్రం మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా ఉంది.

ఇక్కడిదాకా పురాణం. ఇప్పుడు మన పల్నాడు కథ.

2000 తరవాత అనుకుంటా, మనకి దగ్గర్లోనే ఒక సిమెంటు ఫ్యాక్టరీ, పేరెందుకులే, వేబ్రిడ్జి దగ్గర, యూనిక్స్ పద్ధతిలోనే నడిచే లినక్స్ పెట్టించుకున్నారు. లారీ ఎక్కిద్ది, తూకం పడిద్ది, బిల్లు వచ్చిద్ది. వేబ్రిడ్జి డిస్‌ప్లే డబ్బా సీరియల్ తీగ మీద వరసగా అక్షరాలు పంపిద్ది: తూకం నిలకడగా ఉందా ఊగుతందా, మొత్తం బరువా, లారీ బరువు తీసేసిన నికరమా, ఆ తరవాత అంకె, దాని వెనక కేజీ. దాన్ని చదవటానికి కెర్నల్ డ్రైవరు అక్కర్లేదసలు. సీరియల్ పోర్టుకి డ్రైవరు ఎప్పట్నుంచో ఉంది, పైన మామూలు ప్రోగ్రాము చదువుకుంటే సరిపోద్ది. కాంట్రాక్టు తీసుకున్నవాళ్ళకి కెర్నల్ అంటే మోజు. ఒక డ్రైవరు రాసి, కెర్నల్ తన సంగతులు చూపించే స్లాష్ ప్రాక్ అనే అర కింద ఒక ఫైలు పెట్టి, అందులో చక్కగా మనుషులు చదువుకునేట్టు ఒక వాక్యం రాశారు. బరువు ఇంత, స్థితి ఇది, తేదీ ఇది అని. బిల్లు ప్రోగ్రాము రాసిన ఇంకో కుర్రాడు ఏం చేశాడు? ఆ వాక్యంలో ఇన్నో అక్షరం నుంచి ఇన్నో అక్షరం దాకా బరువు అని కోసుకున్నాడు. వాడి తప్పేముంది? వాడికి చూపించింది అదే.

తరవాతి ఏడు డ్రైవరు వాళ్ళు ఆ వాక్యాన్ని ఇంకాస్త అందంగా చేశారు. మధ్యలో "నిలకడ" అన్నమాట ఒకటి చేర్చారు. అక్షరాలు పక్కకి జరిగాయి. బిల్లుల్లో తూకాలు తప్పొచ్చాయి. గేటు దగ్గర లారీలు దాచేపల్లి రోడ్డు మీదకి వచ్చేశాయి. డ్రైవరు వాళ్ళేమో "మేం బాగు చేశాం గదా" అంటారు, బిల్లు కుర్రాడేమో "నా ప్రోగ్రాములో అక్షరం ముట్టుకోలేదు" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తన్నారు. నన్ను పిలిచినప్పుడు నేను చేసిందల్లా పాత వాక్యాన్ని పాత చోట పెట్టించి, కొత్త సంగతికి కొత్త ఫైలు పెట్టించటం.

ఈ జబ్బు మనకి ఒక్కరికే కాదు. లినక్స్‌లోనే స్లాష్ ప్రాక్ అట్టా చిత్తుకాగితాల బుట్ట అయిపోయింది. అందుకని 2003 డిసెంబరులో 2.6 కెర్నల్ వచ్చేసరికి సిస్‌ఎఫ్‌ఎస్ అని వేరే అర కట్టారు, ప్యాట్రిక్ మోచెల్ చేతి పని. దాని కట్టుబాటు ఒకటే: ఒక ఫైలు, ఒక విలువ. బరువుకి ఒకటి, నిలకడకి ఒకటి. కొత్త సంగతి చెప్పాలంటే కొత్త ఫైలు పెట్టుకో, పాతదాని జోలికి పోబాక. యూనిట్లకి కూడా కట్టుబాట్లు రాశారు. ప్రాసెసరు వేడి చెప్పే ఫైలు తెరిస్తే 45000 అని ఉంటది. అంటే 45 డిగ్రీలు. కెర్నల్ లోపల దశాంశాల లెక్క వాడరు కాబట్టి డిగ్రీలో వెయ్యో వంతుని ఒకటిగా పెట్టుకుని పూర్ణాంకం ఇస్తారు. ఏ కంపెనీ చిప్పైనా సరే అదే లెక్క. ఈ కట్టుబాట్లన్నీ కెర్నల్ పత్రాల్లో ఏబీఐ అనే అరలో ఉంటాయి. అందులో మళ్ళీ వాటాలున్నాయి: స్థిరపడినవి, ఇంకా పరీక్షలో ఉన్నవి, వాడొద్దన్నవి, తీసేసినవి. రాసే ముందు ఆ అర చూడని వాడు డ్రైవరు ముట్టుకోకూడదు. నా మాటగా రాసుకో.

టీ పెట్టారా? తియ్యండి. చక్కెర వెయ్యబాకండి నాకు.

ఇక అసలైంది చెప్తా. బోర్డు మీద పిన్నులుంటాయి చూడు, జీపీఐఓ అంటారు. దీపం వెలిగించటానికి, మోటారు తిప్పటానికి. ఆ ఒక్క పిన్నుకి లినక్స్‌లో ఇవాళ మూడు దార్లున్నాయి. మూడూ తెలివైనవాళ్ళే కట్టారు, అయినా మూడు ఎందుకయ్యాయో చూడండి.

మొదటిది 2008లో వచ్చింది, సిస్‌ఎఫ్‌ఎస్ దారి. ఎక్స్‌పోర్ట్ అనే ఫైల్లో పిన్ను నంబరు రాస్తే దానికో అర పుడతది. అందులో దిశ బయటికని పెట్టి, వాల్యూ అనే ఫైల్లో 1 అని రాస్తే మోటారు తిరిగిద్ది, 0 అని రాస్తే ఆగిద్ది. షెల్‌లో రెండు మూడు లైన్లు చాలు. కుర్రాళ్ళందరికీ తెగ నచ్చింది. నాకూ నచ్చింది, అబద్ధం ఎందుకు. అయితే అందులో టోకెన్ లేదు! పిన్ను నీ చేతిలో ఉందన్నదానికి ఆధారం ఏందంటే ఆ అర అక్కడ ఉండటమే. మోటారు తిప్పుతా ఉండగా నీ ప్రోగ్రాము చచ్చిపోయిందనుకో, అర అట్టాగే ఉంటది, మోటారు తిరగతానే ఉంటది, పిన్ను ఎవరిదో ఎవరికీ తెలియదు. గుండు తీసుకున్న ఇంజను డ్రైవరు మాయమైతే గుండు ఎక్కడుందో చెప్పే పెట్టె లేదన్నమాట. పైగా ఇద్దరు ఒకే ఫైల్లో ఒకేసారి రాసుకున్నా ఆపేవాడు లేడు.

రెండో దారి 2016లో, 4.8 కెర్నల్‌తో. స్లాష్ డెవ్ కింద ఫైలు తెరిచి, నాకు ఫలానా పిన్ను కావాలని అయాక్టల్‌తో అడగాలి. ఇస్తే నీ చేతికొక ఫైల్ డిస్క్రిప్టర్ వచ్చిద్ది. అది చేతిలో ఉన్నంతసేపూ పిన్ను నీది, ఇంకోడు అడిగితే ఖాళీ లేదని జవాబు. నీ ప్రోగ్రాము మూసినా, పడిపోయినా, ఎవడన్నా చంపినా, కెర్నల్ ఆ డిస్క్రిప్టర్‌ని తనే మూసి పిన్నుని వెనక్కి తీసుకునిద్ది. మా నాయన బెత్తపు రింగు చూడు, అచ్చం అదే!

మరి అంత బాగుంటే మూడోది ఎందుకు? ఆ రెండో దారిలో ఒక చిన్న మూట ఉంది. పిన్ను మీద ఏదైనా జరిగితే ఎప్పుడు జరిగిందో 64 బిట్ల అంకె, ఏం జరిగిందో 32 బిట్ల అంకె. ఎనిమిది బైట్లూ నాలుగు బైట్లూ, మొత్తం పన్నెండు గదా? 32 బిట్ల ఇంటెల్ మిషను మీద కంపైల్ చేస్తే పన్నెండే. 64 బిట్ల మిషను మీద కంపైలరు మూట చివర నాలుగు ఖాళీ బైట్లు చేర్చి పదహారు చేసిద్ది. ఇప్పుడు 64 బిట్ల కెర్నల్ మీద పాత 32 బిట్ల ప్రోగ్రాము నడిపావనుకో, కెర్నల్ పదహారు లెక్కన ఇస్తది, వాడు పన్నెండు లెక్కన చదువుతాడు. ఒకేసారి కొన్ని మూటలు చదివితే రెండోదాని నుంచి అంతా చెత్త. ఆ ఖాళీ బైట్లు ఎవడూ రాయలా, ఎవడూ అడగలా, కంపైలరే పెట్టింది. కనపడని చోట ఇట్టా ఇరుక్కుంటది ఇంటర్‌ఫేసు. ఈ తేడాని సర్దటానికి కెర్నల్‌లో ప్రత్యేకంగా కోడు చేర్చుకోవాల్సి వచ్చింది. 2020 చివర 5.10 కెర్నల్‌తో మూడో దారి వేశారు. దాని మూటల్లో ప్రతి అంకెకీ వెడల్పు ముందే నిర్ణయించి, ఖాళీని కూడా పేరు పెట్టి రాసి, రేపటి అవసరానికి కాస్త చోటు వదిలారు. ఆ వదిలిన చోట సున్నాలే ఉండాలి, లేకపోతే కెర్నల్ ఒప్పుకోదు. ఇవాళ అక్కడ చెత్త రాయనిస్తే రేపు ఆ చోటుని వాడుకోలేం గదా.

మూడోది వచ్చాక మొదటి రెండూ తీసేశారా అంటే, లేదు. పాతవని పేరు పెట్టి పక్కన పెట్టారంతే. వాటిని నమ్ముకున్న ప్రోగ్రాములు ఏ ఫ్యాక్టరీలో ఏ మూల నడుస్తన్నాయో ఎవరికి తెలుసు?

లినక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్‌కి ఈ విషయంలో ఎంత పట్టుదలో 2012 డిసెంబరులో లోకమంతా చూసింది. వెబ్‌క్యామ్ డ్రైవర్లో ఒక సవరణ చేశారు. ఒక ఎర్రర్ కోడు బదులు ఇంకోటి తిప్పి పంపారు, అంతే.  దాంతో పైన శబ్దాల ప్రోగ్రాములు కొన్ని తడబడ్డాయి. తప్పు ఆ ప్రోగ్రాములదే అన్నట్టు మాట్లాడాడు ఆ విభాగం చూసే మెయింటైనరు. టోర్వాల్డ్స్ ఆ మెయింటైనర్ని అందరి ముందూ దులిపేశాడు: కెర్నల్ మార్పు వల్ల ప్రోగ్రాము చెడితే తప్పు కెర్నల్‌దే, ప్రోగ్రాముది ఎప్పటికీ కాదు అని. ఆ మాట తీరు నాకు నచ్చలా, పెద్దమనిషి అట్టా నోరు పారేసుకోకూడదు. 2018లో ఆయనే తన తీరుకి క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. సంగతి మాత్రం నూటికి నూరుపాళ్ళు రైటు. మన వేబ్రిడ్జి కుర్రాడి పక్షాన మాట్లాడేవాడు ఒకడుండాలి గదా.

ఏరా, నీకు నిద్రొస్తందా? నీ తెలుగు టైపింగు సంగతి చెప్తా, లెగు.

80ల చివర్లో కంప్యూటరు మీద తెలుగు కనపడాలంటే జిస్ట్ కార్డని ఒకటి కొనాలి. ఐఐటీ కాన్పూరులో మొదలై పుణె సీ-డ్యాక్ చేతుల్లో పెద్దదయిన పని. అది పీసీలో గుచ్చితే తెర మీద మన అక్షరాలు వచ్చేవి. ఆ రోజుల్లో అది గొప్పే, వెక్కిరించబాకండి. అంటే భాషంతా ఆ ఇనుములోనే ఉందన్నమాట. ఇవాళ నువ్వు లినక్స్ మీద తెలుగు కొడతన్నావు, ఏ కార్డూ లేదు. కెర్నల్‌కి తెలుగు వచ్చా? అస్సలు రాదు! నువ్వు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో "క్క" కొట్టాలంటే కె మీట, డి మీట, మళ్ళీ కె మీట నొక్కుతావు. కెర్నల్ పైకి చెప్పేదల్లా 37 నొక్కాడు, వదిలాడు, 32 నొక్కాడు, వదిలాడు, మళ్ళీ 37 నొక్కాడు, వదిలాడు. అక్షరం ఊసే ఎత్తదు. 37 అంటే క అనీ, 32 అంటే పొల్లు అనీ, ఆ రెండు క లూ కలిస్తే కింద వత్తు రావాలనీ, ఇదంతా పైనున్న ప్రోగ్రాముల పని. అందుకే హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు తెలుగులో లినక్స్ తెస్తామని కూర్చున్నప్పుడు కీబోర్డు డ్రైవరుకి తెలుగు నేర్పాల్సిన పని పడలా. అదే డ్రైవరు రాసినవాడు అత్యాశకి పోయి "నేనే అక్షరం ఇస్తా" అని ఇంగ్లీషు అక్షరం చేతిలో పెట్టి ఉంటే, మనం ఇప్పటికీ ఎవడి గుమ్మం ముందో నిలబడి మా క కూడా చేర్చండి బాబూ అని అడుక్కుంటా ఉండేవాళ్ళం.

పోల్చుకోవాలంటే అదే కెర్నల్‌లో నల్లతెర కన్సోలు ఉంది చూడు, అక్కడ అక్షరాల బొమ్మలు కెర్నలే గీసిద్ది. ఫాంటులో 512 బొమ్మలకి మించి పట్టవు, గుణింతాలూ వత్తులూ కలిపే తెలివి లేదు. ఆ తెర మీద తెలుగు ఈ రోజుకీ సరిగ్గా రాదు. ఒకే కెర్నల్, ఒకే భాష. డ్రైవరు తక్కువ మాట్లాడిన చోట తెలుగు నడిచింది, ఎక్కువ మాట్లాడిన చోట ఆగింది.

సరే, అమ్మడూ, నీ కాటా దగ్గరికి వద్దాం. నీ డ్రైవరు బరువుని కేజీల్లో ఇస్తంది, అంతేగా? ఎట్టా ఇస్తంది? మీ పలకకి సరిపడే గుణకం డ్రైవరు లోపల రాసేశావు. రేపు పలక మారితే కెర్నల్ మార్చాలి. ఎల్లుండి తూనికలు కొలతల శాఖ వాళ్ళు వచ్చి ముద్ర వెయ్యాలంటే, ఆ గుణకం ఎక్కడుంది, ఎవరు మార్చగలరు అని అడుగుతారు. కెర్నల్‌లో ఉందండీ అని చెప్తావా? ఆ చిప్పు ఇచ్చేది కేజీలు కాదు, వోల్టేజీ తాలూకు 24 బిట్ల అంకె. సెకనుకి పదిసార్లో ఎనభైసార్లో ఇస్తది. దాన్ని ఉన్నదున్నట్టు పైకి పంపు, పక్కనే ఒక స్కేలు ఇవ్వు. రెండూ గుణిస్తే మిల్లీవోల్టులు రావాలి. మిల్లీవోల్టుకి ఎన్ని కేజీలో, ఖాళీ గోతం బరువు ఎంత తీసెయ్యాలో, తూకం ఊగుతంటే ఎంతసేపు ఆగాలో, ఇవన్నీ మిర్చి కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య సంగతులు. డ్రైవరుకి వాటితో పని లేదు.

ఇంకో మాట చెప్పాలి, ముఖం చిన్నబుచ్చుకోబాక. నువ్వు రాసిన ఆ హెచ్‌ఎక్స్711 డ్రైవరు లినక్స్‌లో 2017 నుంచే ఉంది, 4.11 కెర్నల్లో చేర్చారు. ఐఐఓ అనే విభాగంలో. నేను ఇప్పుడు చెప్పినట్టే ముడి అంకెకి ఒక ఫైలు, స్కేలుకి ఒక ఫైలు. నేర్చుకోటానికి నువ్వు రాసింది మంచిదే, దాన్ని దాచుకో. కాటాలో మాత్రం దాన్ని పెట్టబాక. ఐఐఓ కట్టుబాటు తెలిసినవాడు ఎవడొచ్చినా నీ కాటా చదవగలగాలి, నువ్వు ఉద్యోగానికి బెంగుళూరు పోయాక కూడా.

నీకు మిగిలిన పని పైన ప్రోగ్రాము. అది కూడా ఇంకోడు వాడుకునేదే, కాబట్టి దానికీ ఇవే కట్టుబాట్లు. కోడు మొదలుపెట్టకముందు మాన్ పేజీ, అంటే దాన్ని వాడే పద్ధతి చెప్పే కాగితం, రాయి. ఏం అడిగితే ఏం ఇస్తది, ఏ యూనిట్లో ఇస్తది, తీగ ఊడిపోతే ఏ ఎర్రర్ ఇస్తది, ఇద్దరు ఒకేసారి అడిగితే ఏమయిద్ది. ఒక పేజీకి మించితే ఎక్కువైనట్టే. రేపు పొద్దున్నే అది నాకు చూపించు. మిర్చి యార్డులో గుమాస్తా పని చేసే మీ మావయ్యకి కూడా చదివి వినిపించు, ఆయనకి అర్థం కాని లైను ఏదైనా ఉంటే కొట్టేసి మళ్ళీ రాయి.